ఎగిరే గింజ, ఎగరలేని గింజ

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం. ఫిల్మ్ నగర్‌లో మా వీధి మలుపు దగ్గర గాలిలో తెల్లని తునకలేవో తేలుతూ మెల్లమెల్లగా కిందికి దిగుతున్నాయి. కారు అద్దాల మీద, పాలపొట్లాల బుట్ట మీద, కాపలాదారు కుర్చీ మీద సన్నని దూది పరుచుకుంటోంది. బడి బస్సు కోసం నిలబడిన పక్కింటి కుర్రవాడు తల పైకెత్తి చూసి, "తాతగారూ, ఇక్కడ షూటింగు జరుగుతోందా?" అని అడిగాడు.

వాడి తప్పేమీ లేదు. ఈ పేటలో పుట్టి పెరిగిన పిల్లవాడికి దూది రాలితే అది మంచు. మంచు కురిస్తే అది సినిమా. "కాదు నాయనా, బూరుగుకాయ పగిలింది" అన్నాను. బూరుగు అంటే ఏమిటో వాడికి తెలియదు. రెండంతస్తుల మేడను దాటి పైకి లేచిన చెట్టును చూపించాను. కొమ్మల చివర నల్లగా నోళ్ళు తెరుచుకున్న కాయలను చూపించాను. బస్సు వచ్చింది. వాడు ఎక్కి, కిటికీలోంచి ఇంకా చూస్తూనే వెళ్ళాడు.

ఆ చెట్టు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చివర చెబుతాను. అంతకుముందు ఆ చెట్టు ఆ ఉదయం చేస్తున్న పని ఏమిటో, అదే వీధిలో దానికి ఎదురుగా నిలబడ్డ మరో ఎర్రపూల చెట్టు ఆ పనిని ఎందుకు చేయలేకపోయిందో, అయినా ఆ రెండోదే ఈ కొండలన్నింటినీ ఎలా ఆక్రమించిందో చెప్పాలని ఉంది. చెట్ల చరిత్ర కూడా చరిత్రే కదా. కాకపోతే వాటికి శాసనాలు వేయించే అలవాటు లేదు.

*

తెలుగు చదువుకున్నవారికి బూరుగు పరాయి చెట్టు కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక తెరిస్తే మిత్రలాభం కథ గోదావరి ఒడ్డున ఒక పెద్ద చెట్టు దగ్గరే మొదలవుతుంది. ఆ చెట్టు బూరుగు. లఘుపతనకమనే కాకి నివాసం దాని మీదనే. సంస్కృత హితోపదేశంలోనూ అదే గోదావరి, అదే చెట్టు; అక్కడ దాని పేరు శాల్మలి. చిన్నప్పుడు ఈ కథ చదివి పావురాల కోసం, ఎలుక కోసం కంగారుపడ్డామే గాని, కథకుడు నది ఒడ్డున మర్రిని గాని రావిని గాని కాక బూరుగునే ఎందుకు నిలబెట్టాడని ఎవరమూ అడగలేదు.

అడిగితే జవాబు నేలలోనే ఉంది. వరద తెచ్చి పోసిన ఒండ్రు మీద, నీడ అన్నది లేని ఆరుబయట, ముందుగా తలెత్తే చెట్లలో బూరుగు ఒకటి. హిమాలయాల దిగువన నదులు మేటవేసిన మైదానాలలోనూ ఇదే సంగతి. దానికి వెలుతురు కావాలి. పెద్ద చెట్ల నీడలో దాని మొక్క బతికి బట్టకట్టలేదు. అంటే తల్లి కింద బిడ్డ పెరగదు. దూరం వెళ్ళక తప్పదు. ఆ దూరం వెళ్ళే ఏర్పాటు మీదనే ఆ వృక్షజాతి మనుగడ అంతా ఆధారపడి ఉంది.

శాల్మలికి, గాలికి ఉన్న సంబంధం మన పూర్వుల దృష్టిని దాటిపోలేదు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు ఒక కథ చెబుతాడు. హిమాలయం మీద ఒక మహాశాల్మలి ఉంది. నారదుడు దాని నీడన నిలిచి, ఇంత పెద్ద కొమ్మలున్నా గాలి నిన్ను విరవలేదే, వాయుదేవుడు నీకు చుట్టమా అని అడుగుతాడు. చెట్టు గర్వించి, నా బలం ముందు గాలి ఏపాటిది అంటుంది. నారదుడు ఆ మాట మోసుకుపోయి వాయువుకు చెబుతాడు. వాయువు వచ్చి, సృష్టికాలంలో బ్రహ్మ నీ కింద విశ్రమించాడన్న గౌరవంతో నిన్ను విడిచిపెట్టాను, రేపు నా బలం చూపిస్తాను అంటాడు. ఆ రాత్రంతా చెట్టు ఆలోచించుకుని, తెల్లవారేలోగా తన కొమ్మలను, ఆకులను, పూలను తానే రాల్చుకుని మోడై నిలుస్తుంది. ఉదయం వచ్చిన వాయువు చూసి నవ్వుతాడు. నేను చేయదలచుకున్న పని నువ్వే చేసుకున్నావు అంటాడు.

బలవంతుడితో వైరం కూడదన్నది భీష్ముడు తీసిన నీతి. ఆ నీతిని కాదనే సాహసం నాకు లేదు. కానీ ఈ కథను మొదట అల్లినవారెవరో బూరుగు చెట్టును ఏడాది పొడవునా చూసినవారై ఉంటారని మాత్రం నాకు అనిపిస్తుంది. చలికాలంలో ఆకులన్నీ తానే రాల్చుకుని మోడవుతుంది. ఆ మోడు మీదనే జనవరి మొదలు మార్చి దాకా దళసరి రేకుల ఎర్రని దొప్పల్లాంటి పూలు పూస్తుంది. ఆ పూలను కూడా రేకు వాడకముందే దబ్బుదబ్బున నేల మీద పడేస్తుంది. వేసవిలో చివరికి మిగిలినది కూడా గాలి చేతికి అప్పగిస్తుంది. కథలో అది భయం. చెట్టు మీద అది కాపురం.

ఇంకొక కథలో చిలుక వస్తుంది. ఎర్రని పూలు చూసి, ఈ చెట్టుకు ఎంత తియ్యని పండు కాస్తుందో అని ఆశపడి, కాయ ముదిరేదాకా కాచుకుని కూర్చుంటుంది. తీరా కాయ పగిలితే దూది! వ్యర్థమైన సేవకు, నిష్ఫలమైన ఆశకు మన కవులు ఈ చిలుకనే ఉదాహరణగా చూపుతూ వచ్చారు. చిలుక వైపునుంచి చూస్తే మోసమే. చెట్టు వైపునుంచి చూస్తే, ఆ కాయ చిలుక కోసం కాసింది కాదు. పక్షుల లెక్క పూలతోనే సరిపోయింది. దొప్పనిండా మకరందం పోసి కాకులను, గోరింకలను, పికిలిపిట్టలను, చలికాలపు చుట్టాలైన గులాబీ గోరింకలను పిలిచి, వాటి ముఖాలకు పుప్పొడి పులిమి పంపింది. ఆ ఋణం అక్కడికి తీరింది. కాయ మాత్రం గాలి పద్దు.

*

ఇప్పుడు ఆ కాయ లోపలికి తొంగిచూద్దాం.

బూరుగుకాయ జానెడు లోపు పొడవుంటుంది. చెక్కలా గట్టిగా ఉంటుంది. ముదిరి ఎండాక పైనుంచి కిందికి 5 చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల పట్టులాంటి దూది, ఆ దూదిలో మిరియాల వంటి నల్లని నున్నని గింజలు. పత్తి, బూరుగు రెండూ దూది ఇచ్చేవే. నేటి వృక్షశాస్త్రం రెంటినీ మందార కుటుంబంలోనే చేర్చింది. కానీ రెండు దూదులూ పుట్టే చోటు వేరు. పత్తిలో గింజ పైపొరలోని ఒక్కొక్క కణం సాగి ఒక్కొక్క పోగవుతుంది. అందుకే పత్తిగింజను దూది నుంచి విడదీయడానికి యంత్రం కావలసివస్తుంది. బూరుగులో దూది కాయగోడ లోపలి పొర నుంచి పుడుతుంది. గింజ దూదికి అతుక్కుని ఉండదు. దూదిలో పడుకుని ఉంటుంది, అంతే.

ఈ చిన్న భేదం వల్ల రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది మన ఇంటికి సంబంధించినది. ఈ పోగు పొట్టిది, నున్ననిది, లోపల డొల్ల. వడకడానికి పట్టు దొరకదు. కనుక బూరుగు దూది రాట్నం ఎక్కలేదు. దిండ్లలోకి, పరుపులలోకి వెళ్ళింది. మా ఊళ్ళో మా అమ్మ వేసవి సెలవుల్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని, తలుపులన్నీ బిగించి, పాత చీర మీద బూరుగు దూది పోసి గింజలు ఏరేది. నెలరోజులపాటు మా జుట్టులో, అన్నంలో ఆ పోగులు తగులుతూనే ఉండేవి. ఏరిన గింజలు పెరట్లో పారబోసేది. మొలిచినవాటిని కలుపుతోపాటు పీకేసేవాళ్ళం.

రెండో ఫలితం చెట్టుకు సంబంధించినది. కాయ పగిలినప్పుడు దూది పింజలుగా లేచి గింజలను మోసుకుపోతుంది. అతుకు లేదు కాబట్టి దారిలో ఒక్కొక్క గింజా జారిపోతూ ఉంటుంది. ఒక పింజలోని గింజలన్నీ ఒకే చోట పడవు. గాలి నడిచిన దారి పొడవునా చల్లినట్టు పడతాయి. మన ముఖానికి తగిలే దూది చాలావరకు అప్పటికే బరువు దించుకున్న ఖాళీ బండి.

ఎంత దూరం వెళుతుంది? ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహకు వేసే లెక్కే. 20 మీటర్ల ఎత్తున కాయ పగిలిందనుకోండి. పింజ సెకనుకు అరమీటరు చొప్పున దిగుతోందనుకోండి. నేల చేరడానికి 40 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వీస్తూ ఉంటే, గింజ 160 మీటర్ల దూరంలో పడుతుంది. మధ్యాహ్నపు వడగాలి సుడి తిరిగి పింజను పైకి ఎత్తుకుందా, ఇక లెక్క మన చేతిలో ఉండదు. చెట్టు ఎత్తు, దూది తేలిక, గాలి వేగం, ఈ మూడూ కలిస్తేనే దూరం. బూరుగు ఆకాశానికి ఎదగడం వెలుతురు కోసమే కాదు; గింజను విసరడానికి మెట్టు కోసం కూడా.

వేళ కూడా చూడండి. కాయలు పగిలేది ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో. తడి ఉంటే దూది ముద్దకట్టి ఎగరదు. పడ్డ గింజకు తొలకరి దాకా ఎక్కువ కాలం వేచి ఉండే పని లేదు. ఆ కొద్ది వారాలలోనే చీమలు, ఉడుతలు, ఎర్రని ఒంటి మీద నల్లచుక్కలున్న పత్తి నల్లులు తినవలసినదంతా తింటాయి. వేలకు వేలు రాల్చితే ఒకటో రెండో మిగులుతాయి. ఆ ఒకటి రెండింటికీ కావలసింది అరచేతి వెడల్పు మన్ను, ఒక వాన.

*

ఇక ఈ కొండల సంగతి.

జూబిలీ హిల్స్ రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటి పగుళ్ళలో పేరుకున్న మన్నే ఇక్కడి నేల. ఆ కాస్త మన్నులో ఎండకు తట్టుకునే పొదలు, తుప్పలు, కొండగోగు వంటి చెట్లు పెరిగేవి. కొండగోగు కూడా బూరుగు బాటలోనిదే; పసుపు పూలు, దూది చుట్టిన గింజలు. సీతాఫలం పొదలు కూడా మన కొండలవే అనుకుంటాం గాని, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పడవల మీద వచ్చి, పక్షుల నోట, పిల్లల చేత గుట్టలెక్కింది.

మనుషుల రాక చాలా ఆలస్యం. పక్కనున్న బంజారా హిల్స్‌లో 1930లలో మెహదీ నవాజ్ జంగ్ రాళ్ళను కొట్టకుండా వాటినే గోడలుగా కలుపుకుని ఇల్లు కట్టుకుంటే నగరవాసులు వింతగా చూశారట. జూబిలీ హిల్స్‌లో సహకార గృహనిర్మాణ సంఘం స్థలాలు పంచడం ఆ తరువాతి కథ. మొదట్లో స్థలం ఇస్తామన్నా ఇంత దూరం, ఇన్ని రాళ్ళ మధ్యకు ఎవరు వస్తారని వెనుకాడినవారున్నారని పెద్దలు చెప్పుకునేవారు.

సినిమావారి రాక మరో వలస. తెలుగు టాకీ పుట్టింది తెలుగునేల మీద కాదు. 1932లో విడుదలైన భక్త ప్రహ్లాద బొంబాయిలో తయారైంది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్థాపించినా, ఆ మొలక నిలదొక్కుకోలేదు. పరిశ్రమ మద్రాసులో వేళ్ళూనింది; వాహినీ, విజయా, జెమినీ వంటి స్టూడియోల నీడన రెండు తరాలు ఎదిగింది. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదు వైపు చూపు మళ్ళింది. అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలిసింది. 1959 నాటి మా ఇంటి మహాలక్ష్మి పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రమని చెబుతారు. అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదుకు నివాసం మార్చి, 1975-76లో బంజారా హిల్స్ రాళ్ళగుట్టల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పారు. తరువాతి ఏళ్ళలో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఈ కొండ మీదికి వచ్చాయి. సినిమావారి ఇళ్ళ కోసం ఏర్పడ్డ పేటకు ఫిల్మ్ నగర్ అనే పేరు స్థిరపడింది. తొంభైల నాటికి మద్రాసు నుంచి రావలసినవారు దాదాపు అందరూ వచ్చేశారు.

గమనించండి, ఈ వలసలో గాలివాటు ఏమీ లేదు. ప్రభుత్వం స్థలమిచ్చింది, రాయితీలిచ్చింది. ముందు వచ్చినవారు వెనుకవారిని పిలిచారు. ఎవరో చేత్తో పట్టి తెచ్చి నాటారు. కోస్తా జిల్లాలనుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి ఇక్కడికి. వచ్చినవారు ఇళ్ళు కట్టుకున్నారు, రోడ్లు పడ్డాయి, రోడ్లకు నీడ కావలసి వచ్చింది. అప్పుడు తురాయి వచ్చింది.

*

తురాయి అంటే తలపాగా మీద పెట్టే కుచ్చు. చెట్టు తల మీద పూలు అలాగే నిలబడతాయి కాబట్టి తెలుగువాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. ఉత్తరాదివారి గుల్‌మొహర్ ఇదే. వేసవిలో జూబిలీ హిల్స్ రోడ్లకు నిప్పంటించేది ఇదే. చిన్నప్పుడు దాని మొగ్గ విప్పి కేసరాల తలలు మెలివేసి కోడిపందాలు ఆడనివారు, ఎండుకాయలతో కత్తియుద్ధం చేయనివారు మనలో తక్కువ. అంతగా మనది అయిపోయింది. కానీ దాని పుట్టిల్లు హిందూమహాసముద్రానికి ఆవలి ఒడ్డున, మడగాస్కర్ దీవిలోని పొడి అడవులు.

బొహీమియా దేశస్థుడైన వెంజెల్ బోయర్ మారిషస్‌లో స్థిరపడి 1820లలో మడగాస్కర్ వెళ్ళినప్పుడు ఈ చెట్టును చూశాడు. అతని వర్ణన ఆధారంగా 1829లో ఇంగ్లండులో హుకర్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అప్పటినుంచి దీని ప్రయాణం ఆగలేదు. మారిషస్ తోటలనుంచి ఓడల మీద ఇండియాకు, ఆగ్నేయాసియాకు, కరేబియన్ దీవులకు, ఆఫ్రికా తీరాలకు వెళ్ళింది. నేడు ఉష్ణమండలంలో ఈ చెట్టు లేని నగరం అరుదు. వియత్నాంలో దీని పూత అంటే బడి సెలవుల రాక. అక్కడి పిల్లలకు విడిపోయే స్నేహాల గుర్తు.

ఇంత తిరిగిన చెట్టు కాయ ఎలా ఉంటుందో చూడండి. మూరకు అటూ ఇటూగా పొడవు, రెండుమూడు వేళ్ళ వెడల్పు, కత్తి ఒరలా చదునుగా, చెక్కలా బరువుగా ఉంటుంది. లోపల అడ్డగదులు కట్టి ఒక్కొక్క గదిలో ఒక్కొక్క గింజ. రెక్క లేదు, దూది లేదు, పక్షికి పెట్టే గుజ్జు లేదు. ఎండిపోయాక కూడా నెలలతరబడి, ఒక్కోసారి మళ్ళీ పూత వచ్చేదాకా, కొమ్మకే వేలాడుతుంది. పడితే చెట్టు కిందే పడుతుంది. నిదానంగా రెండు చెక్కలుగా విడుతుంది. వాననీరు వాలు వెంట ఈడ్చుకుపోతే తప్ప గింజకు ప్రయాణం లేదు. గింజ తోలు ఎంత గట్టిదంటే, నారు పోసేవారు దానిని వేడినీళ్ళలో నానబెడతారు, లేదా ఒక అంచు గీకుతారు. లేకపోతే నీళ్ళు లోపలికి దిగవు. మన్నులో అలాగే ఏళ్ళతరబడి ఉండిపోగలదు.

ఎగరలేని గింజ సముద్రాలు దాటింది. దానిని మోసింది గాలి కాదు, మన కన్ను. ఆ ఎరుపు చూసి ముచ్చటపడి జేబులో వేసుకున్న ఓడ ప్రయాణీకుడు, తోటమాలి, పురపాలక ఉద్యోగి, ఇంటి ముందు అందానికి నాటుకున్న మనబోటివాడు. ఓపిక గల ఆ గట్టితోలు మాత్రం ప్రయాణానికి పనికొచ్చింది. నెలల ఓడ ప్రయాణంలో కూడా అది చెడలేదు. బూరుగు తన పూల ఎరుపు ఖర్చుపెట్టి పక్షులను సంపాదించుకుంటే, తురాయి తన ఎరుపుతో మనుషులను సంపాదించుకుంది.

ఇందులో నాకు తురాయి మీద ఫిర్యాదు ఏమీ లేదు. అది మనం పిలిస్తే వచ్చింది. కానీ పిలుపు మీద వచ్చినది పిలుపు మీదే బతకాలి. దాని వేళ్ళు ఎక్కువగా పైపైనే పాకుతాయి; మే నెల గాలివానకు ఈ కొండ రోడ్ల మీద ముందుగా కూలేది అదే. కూలిన చోట మళ్ళీ మనమే నాటాలి. లేదా ఇంకేదో ముచ్చటపడి దానిని నాటుతాం. సినిమా సెట్టులో నిలబెట్టే చెట్టుకు వేరుండదు, నీడ మాత్రం ఉంటుంది. తురాయికి వేరుంది గాని, ఈ నేల మీద సొంత వారసత్వం దాదాపు లేదు.

*

మరి బూరుగుకు? ఎగరడం తెలుసు. దిగడానికి చోటేదీ?

ఆ ఏప్రిల్ ఉదయం తరువాత నేను కొన్నాళ్ళు ఒక పని పెట్టుకున్నాను. మా వీధి చెట్టు చుట్టూ పైన వేసిన లెక్క ప్రకారం 160 మీటర్ల వరకు రోజుకో దిక్కున నడిచి, గింజకు మొలవడానికి వీలున్న మన్ను ఎక్కడుందో చూసుకుంటూ వెళ్ళాను. తారు రోడ్డు, పలకలు పరిచిన కాలిబాట, కార్లు నిలిపే నేలమాళిగల పైకప్పు, సిమెంటు చేసిన వాకిళ్ళు, కుండీలు. ఒక ప్రహరీ పక్కన మురుగుకాలువ పగులులో మాత్రం రెండు బూరుగు మొలకలు కనబడ్డాయి. తొలి వానకు కాలువ శుభ్రం చేసినవారు వాటినీ తీసేశారు. కాకి రెట్టతో వచ్చిన రావి గింజ గోడ పగుల్లోనైనా బతికేస్తుంది. బూరుగు అంత మొండిది కాదు.

గాలి అలాగే ఉంది, కాయ అలాగే ఉంది. నేల మాత్రం లేదు. వేల ఏళ్ళుగా కుదిరిన ఒక ఏర్పాటులో మూడోవంతును మనం తీసివేశాం; అయినా చెట్టు ప్రతి వేసవీ తన వాటా తాను చెల్లిస్తూనే ఉంది.

మిగిలిన మన్ను ఈ కొండ మీద ఎక్కువగా ఒకచోటే ఉంది. నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1990లలో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానమైంది. విస్తీర్ణం సుమారు 1.4 చదరపు కిలోమీటర్లు. చుట్టూ నగరం, మధ్యలో నెమళ్ళు. 2016లో ఆ ఉద్యానం చుట్టూ వంతెనలు కట్టాలని, అందుకు వేల సంఖ్యలో చెట్లను తొలగించాలని ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు రోడ్డు మీదికి వచ్చారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. 2020లో ఉద్యానం చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించారు. దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు. ఎక్కువలో ఎక్కువ 30 మీటర్ల లోపు. 3 మీటర్లంటే ఒక కారు వెడల్పుకు కాస్త ఎక్కువ. గింజ ఒక గాలికి వెళ్ళే దూరాన్ని ఒకసారి దాని పక్కన పెట్టి చూడండి. కంచె లోపలి చెట్లు బతుకుతాయి. వాటి గింజలు మాత్రం మన రోడ్ల మీద పడి టైర్ల కింద నలుగుతాయి.

*

మా వీధి చెట్టు సంగతి చెబుతానన్నాను కదా.

దూది వల్ల ఆయాసం వస్తోందని కొందరు అన్నారు. కార్లు పాడవుతున్నాయని కొందరు. కొమ్మలు విరిగి పడతాయేమోనని ఇంకొందరు. ఒక సాయంత్రం సమావేశంలో నేను కూడా మాట్లాడాను. ఆయాసం తెచ్చిపెట్టేది చాలావరకు కంటికి కనబడని సన్నని పుప్పొడి, దుమ్ము, పొగ. కళ్ళ ముందు కనబడేది కాబట్టి దూది మీద నింద పడుతోంది. బూరుగు పుప్పొడిని మోసేది పక్షులే గాని గాలి కాదు, పైగా దూది ఎగిరే నాటికి పూలకాలం ఎప్పుడో ముగిసిపోతుంది అని చెప్పాను. కాయ పగలకముందే కొమ్మ చివర్లు కోయించవచ్చు అన్నాను. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలని కూడా అన్నాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "మీరు చెప్పేదంతా నిజమే కావచ్చు సార్. రాత్రి మా మనవరాలు దగ్గుతుంటే మీరు వచ్చి కూర్చుంటారా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. భయపడే మనిషికి లెక్క ఓదార్పు కాదు.

అనుమతి వచ్చింది. జూన్ మొదటి వారంలో రెండు రోజులు రంపం మోగింది. కాండం మీది ముళ్ళబుడిపెలు చూసి కూలీలు విసుక్కున్నారు. మూడో రోజుకు అక్కడ వెలుతురు ఎక్కువైంది, అంతే. ఎదురుగా ఉన్న తురాయి అప్పటికి ఇంకా పూస్తూనే ఉంది.

కొట్టేముందు, కింద పడ్డ కాయల్లోంచి గింజలు ఏరి ఒక కాగితం పొట్లం కట్టాను. మా అమ్మ పారబోసిన గింజలు గుర్తొచ్చాయి. పక్కింటి కుర్రవాడు కూడా వచ్చి ఏరాడు. ఇరవైకి పైగా వాడి లెక్కే. తాజా గింజలు కాబట్టి, తడి ఇసుకలో వేస్తే కొద్ది రోజులకే మొలిచాయి. వానాకాలం ముగిసేలోగా వాటిలో పదకొండింటిని మా ఊరికి తీసుకెళ్ళి, కృష్ణ కరకట్ట లోపలి ఒండ్రు నేలలో, మా బంధువుల చేను గట్టున నాటించాను. బస్సులో మొక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఈ గింజలకు నేనే గాలినయ్యానన్న ఊహ వచ్చి నవ్వుకున్నాను. తరువాత ఆ ఊహ అంత నవ్వదగినదిగా అనిపించలేదు. మనిషి చేయి లేకుండా బతకగలిగిన చెట్టును కూడా, ఎగరలేని తురాయి లాగా, మన చేతి మీద ఆధారపడేటట్టు చేశాం.

పదకొండిటిలో నాలుగు బతికాయని మొన్న కబురు వచ్చింది. మేకలు రెంటిని తిన్నాయట, మిగిలినవి ఎండకు పోయాయట. నాలుగు చాలు. పూతకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. అప్పుడు అక్కడ గాలి ఉంటుంది, నేల కూడా ఉంటుందని ఆశ.

చదువుతున్న మిత్రులను ఒకటి అడగాలని ఉంది. మీ ఊళ్ళో, మీ బడి దగ్గర, చెరువుగట్టున బూరుగు చెట్టు ఉండేదా? ఇప్పుడు ఉందా? ఉంటే ఎక్కడుందో రాయండి. వచ్చే ఏప్రిల్‌లో దాని కింద ఒక పూట నిలబడి, కాయ పగిలే వేళకు గాలి ఎటు వీస్తోందో, ఆ దిక్కున మన్ను ఎంత మిగిలిందో చూసి చెప్పండి.